మేకుకు తగిలించిన వక్కాకు సంచి

మేము కతోలిక క్రైస్తవులం. పాస్కా (ఈస్టర్) పండుగకు ముందు నలభై రోజులు ఉపవాసాలు, త్యాగాలతో గడిపే తపస్సు కాలం మా నాయనమ్మకు ఇంటి గోడకున్న మేకు దగ్గర మొదలయ్యేది. ఆ కాలం మొదలయ్యే విభూది బుధవారం తెల్లవారుజామునే లేచి, ముఖం కడుక్కుని, రొంటిన దోపుకునే వక్కాకు సంచిని తీసి, యేసు తిరుహృదయం పటం కింద ఉన్న మేకుకు తగిలించేది. వక్కలు, సున్నం డబ్బీ, పొగాకు కాడలు, మా తాత కొనిచ్చిన అడకత్తెర, అన్నీ అందులోనే ఉండేవి. తమలపాకులు మాత్రం వాడిపోతాయని తీసి మేకకు వేసేది. ఇక పాస్కా పండుగ తెల్లవారేదాకా ఆ సంచిని ఎవరూ ముట్టుకోకూడదు.

ఇందులో గొప్పేముందని ఎవరైనా అడగవచ్చు. మా ప్రాంతంలో ఆ రోజులెలాంటివో తెలిస్తే అడగరు. మాది కందుకూరు పక్క పల్లె. ఫిబ్రవరి, మార్చి నెలలంటే మాకు పొగాకు పనులు. పొలాల్లో ఆకు కోయడం, కర్రలకు కట్టడం, ఆకు కాల్చే బ్యారన్ కొట్టంలోకి ఎక్కించి రాత్రింబవళ్లు మంట పెట్టి కాల్చడం, కాల్చిన ఆకును రంగును బట్టి ఏరడం. ఊరంతా అదే వాసన. బావి దగ్గరికి వెళ్లినా, బడిలో కూర్చున్నా, గుడిలో మోకరించినా అదే వాసన. నాయనమ్మ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ ఆకు మధ్యనే కూర్చునేది. పదేళ్ల వయసు నుంచి నోట్లో పొగాకు కాడ లేని పూట ఎరగని మనిషి, ఒడి నిండా పొగాకు పెట్టుకుని, నలభై రోజులు ఒక్క తుంపు కూడా నోట్లో వేసుకునేది కాదు.

పచ్చి ఆకు పని చేసిన వాళ్ల చేతులు చూశారా? ఆకు నుంచి వచ్చే జిగురు వేళ్లకు పట్టి తారులా నల్లబడుతుంది. సబ్బుకు లొంగదు. చింతపండు పులుసుతో రుద్దినా, నిమ్మచెక్కతో తోమినా పై పొర పోతుందే తప్ప గోళ్ల సందుల్లో, అరచేతి గీతల్లో అలాగే ఉంటుంది. ఆ చేత్తో అన్నం కలుపుకుంటే ముద్ద చేదు. అందుకే ఆ రెండు నెలలూ అమ్మ నాయనమ్మకు ముద్దలు కలిపి పెట్టేది. చంటిపిల్లలా నోరు తెరిచి తినేది నాయనమ్మ. కోడలి చేతి అన్నం తినడం ఆమెకు ఎంత ఇష్టమో ఆమె కళ్లలో తెలిసేది.

నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నది 1986 నాటి తపస్సు కాలం. అప్పటికి నాకు పదేళ్లు. ఆ ఫిబ్రవరి 5న రెండవ జాన్ పాల్ పాపుగారు (పోపు) మద్రాసు వచ్చారు. మా విచారణ (ఒక గురువు చూసుకునే ఊళ్ల సంఘం) నుంచి లారీ కట్టుకుని వెళ్లిన వాళ్లలో నాన్న ఒకడు. మైదానంలో చాలా దూరం నుంచి, తెల్లటి చుక్కలా కనిపించారట. ఆ చుక్కను చూసి వచ్చిన ఆనందంలో నాన్న ఇంకా ఉండగానే, సరిగ్గా వారానికి విభూది బుధవారం వచ్చింది.

విభూది ఎక్కడి నుంచి వస్తుందో నాకు ముందే తెలుసు, ఎందుకంటే దాన్ని జల్లించేది మేమే. ముందటేడు పాస్కాకు ముందటి మట్టల ఆదివారం నాడు ఆశీర్వదించి ఇచ్చిన ఈతాకు సిలువలు ఏడాది పొడుగునా మా ఇళ్లలో పటాల వెనక, చూరులో, కొందరి ఇళ్లలో ధాన్యపు కుండ మీద ఉండేవి. మంగళవారం సాయంత్రం వాటన్నిటినీ ఇల్లిల్లూ తిరిగి ఏరుకొచ్చి గుడిలో ప్రార్థనలు నడిపే ఉపదేశి తాతకు ఇవ్వడం పిల్లల పని. తాత వాటిని గుడి వెనక పెద్ద మూకుట్లో వేసి నిప్పంటించేవారు. ఏడాది పాటు ఎండిన ఆకు కదా, చిటపటమని ఒక్క క్షణంలో మండిపోయేది. ఇంతెత్తున పోసిన మట్టలకు మిగిలేది దోసెడు బూడిద. దాన్ని చల్లారనిచ్చి, రోకలి మొనతో నలిపి, పాత పంచె ముక్కలో వేసి జల్లించాలి. పిడకల బూడిదలా తెల్లగా ఉండదు, నల్లగా, వేళ్లకు పట్టుకుంటే మెత్తగా ఉంటుంది. జల్లిస్తున్నంతసేపూ తాత మమ్మల్ని మాట్లాడనిచ్చేవారు కాదు. "పోయిన ఏడు హోసన్నా అంటూ ఊపిన కొమ్మలే ఇవి, గుర్తుంచుకోండి" అని మాత్రం ఒకసారి అనేవారు.

పగలంతా పనులుంటాయి కాబట్టి మాకు పూజ రాత్రి ఏడింటికి. విచారణ గురువులు మోటారు సైకిల్ మీద వచ్చేవారు. ఊదా రంగు వస్త్రాల్లో ఆయన్ని చూడగానే పిల్లలం కూడా గొంతు తగ్గించేవాళ్లం. వరుసలో వెళ్లి నిలబడితే, మట్టివి, తిరిగి మట్టివై పోతావు అంటూ నుదుట బూడిదతో సిలువ గుర్తు వేస్తారు. మట్టి పనివాళ్లకు ఆ మాట చెబుతుంటే ఎవరూ ఉలిక్కిపడేవారు కాదు. తెలిసిన సంగతే అన్నట్టు తల వంచి తీసుకునేవారు.

మా పల్లెలో రెండు గుళ్లుండేవి. పడమటి వీధి మాది, తూర్పు వీధి క్రైస్తవుల్లోనే మరో శాఖ అయిన బాప్టిస్టులది. ఒంగోలు చుట్టుపక్కల బాప్టిస్టులే ఎక్కువ. 1878లో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ముచ్చటను తూర్పు వీధి పెద్దలు తాము ఒడ్డున నిలబడి చూసినట్టే చెప్పేవారు. మా నెల్లూరు మేత్రాసనం, అంటే బిషప్పు కింద ఉండే ప్రాంతం, ఏర్పడింది ఆ తర్వాత యాభై ఏళ్లకు, 1928లో. నాయనమ్మకు పెళ్లి చేసింది మిల్‌హిల్ అనే మిషనరీ సభకు చెందిన ఒక తెల్ల స్వామి. జిల్లా గీతలు తర్వాత ఎన్నిసార్లు మారాయో. 1970 దాకా మాది నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022లో మళ్లీ నెల్లూరు. మేత్రాసనం మాత్రం మారలేదు. నెల్లూరు పునీత జోజప్ప దేవాలయంలో మేత్రాణులు (బిషప్పు) ఆశీర్వదించిన తైలాలే ప్రతి ఏడూ పాస్కా ముందటి పవిత్ర వారంలో మా గుడికి వచ్చేవి.

తూర్పు వీధి స్నేహితురాలు ఒకతి గురువారం పొద్దున బడిలో నా నుదుటి వైపు చూసి, "ఆ మసి ఏమిటి? మాకు ఎందుకు లేదు?" అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. ఇంటికి వచ్చి నాయనమ్మను అడిగాను. "వాళ్లు గుండెలో పెట్టుకుంటారు, మనం నుదుట పెట్టుకుంటాం. చెరపకుండా చూసుకో" అంది. ఆ జవాబే మర్నాడు ఆ పిల్లకు అప్పగించాను. అది చాలా సంతోషపడింది.

ఆ ఏడే గురువులకూ నాయనమ్మకూ ఆదివారాల మీద చర్చ జరిగింది. నలభై రోజుల లెక్క చాలామందికి అర్థం కాదు. విభూది బుధవారం నుంచి పాస్కా ముందటి శనివారం దాకా వేళ్ల మీద లెక్కపెడితే నలభై ఆరు వస్తాయి. మధ్యలో ఆరు ఆదివారాలు ప్రభువు ఉత్థాన దినాలు కాబట్టి ఉపవాసపు లెక్కలోకి రావు. ఫాదర్ గారు మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతూ ఇదంతా ఓపికగా చెప్పారు.

"ఆదివారం నాడు ఆకు వేసుకుంటే తప్పు కాదమ్మా. అసలు మీకు అరవై దాటాయి. ఉపవాస నియమం కూడా మీకు లేదు."

"మా అమ్మ నలభై రోజులూ ఒంటిపూట తినేది స్వామీ."

"అది పాత పద్ధతి. 1966లో ఆరవ పౌలు పాపుగారు తగ్గించారు. ఉపవాసం విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం, ఈ రెండు రోజులే. శుక్రవారాలు మాంసం మానితే చాలు."

నాయనమ్మ కాసేపు ఆలోచించింది. "పాపుగారు మా మీద దయతో తగ్గించారు స్వామీ, కాదనను. కానీ ఈ నోటికి ఇది ఆదివారమని తెలుస్తుందా? ఒక్క రోజు రుచి చూపిస్తే సోమవారం నా మాట వింటుందా?"

ఫాదర్ గారు నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, "మీ ఇష్టం అమ్మా" అని, లేచేటప్పుడు ఆమె తల మీద చెయ్యి పెట్టి వెళ్లారు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయనకు అప్పుడు ముప్పై ఏళ్లు కూడా ఉండవు.

తిండి సంగతి. శుక్రవారం మాంసం లేదు కానీ చేపలకు అడ్డు లేదు. రామాయపట్నం వైపు నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చే ఆమెకు మా క్యాలెండరు మాకంటే బాగా తెలుసు. తపస్సు కాలం శుక్రవారాలు పడమటి వీధిలోకే ముందు వచ్చేది. అయినా మా ఇంట్లో నాయనమ్మ ఆ నలభై రోజులూ చేపల జోలికి పోయేది కాదు. "చేపల పులుసు తింటూ త్యాగమంటే దేవుడు నమ్మడు" అనేది, నెల్లూరు సీమలో పుట్టిన మనిషి కాబట్టి ఆ పులుసు విలువ ఎరిగే అనేది. పచ్చిపులుసు, కందిపచ్చడి, ఉలవచారు, మార్చి వచ్చాక ఉలవపాడు తోటల్లో గాలికి రాలిన మామిడి పిందెలు వేసిన పప్పు, ఇవే మాకు. నేను ఆ ఏడు బెల్లం మానాను. ఎంత కష్టమో చెప్పలేను. బెల్లం కుండ ఉట్టి మీద ఉండేది, దాని కింది నుంచే వంటింట్లోకి వెళ్లాలి.

శుక్రవారం సాయంత్రాలు సిలువ మార్గం, యేసు సిలువ మోసిన దారిని పద్నాలుగు చోట్ల ఆగి ధ్యానించే ప్రార్థన. గుడి లోపల పద్నాలుగు పటాలుండేవి, కానీ ఆఖరి రెండు వారాలు వీధిలో చేసేవాళ్లం. పద్నాలుగు ఇళ్ల ముందు పద్నాలుగు స్థలాలు. ప్రతి ఇంటివాళ్లూ వాకిలి చిమ్మి, పీట మీద తెల్లగుడ్డ పరిచి, కొవ్వొత్తి వెలిగించి సిలువ పెట్టాలి. జనం పాడుతూ వచ్చి ఆగుతారు, ఉపదేశి తాత ధ్యానం చదువుతారు, అందరూ మోకరించి ఒక పరలోక జపం, ఒక మంగళవార్త, ఒక త్రిత్వస్తోత్రం చెప్పి లేస్తారు. ఎవరి ఇంటికి ఏ స్థలం అన్నది తాతల నాటి ఏర్పాటు. మా ఇల్లు ఆరవ స్థలం. సిలువ మోస్తూ వెళుతున్న యేసు ముఖాన్ని వెరోనికమ్మ తన గుడ్డతో తుడిచిన చోటు.

ఆ స్థలం మాకు వచ్చినందుకు నాయనమ్మకు ఎంతో గౌరవంగా ఉండేది. పీట మీద పరచడానికి ప్రత్యేకంగా ఒక తెల్ల తువ్వాలు ఉండేది. ఏడాదికి రెండు సార్లే అది పెట్టెలోంచి బయటికి వచ్చేది. నీలి మందు పెట్టి ఉతికి, మడత నలగకుండా దాచేది. ఆ ఏడు రెండో వారం నాడు పని దగ్గర ఆలస్యమైంది. ఆ రోజు బ్యారన్ నింపాలి, కోసిన ఆకు మిగిలిపోతే వాడిపోతుంది, మధ్యలో వదిలి రావడానికి లేదు. నాయనమ్మ పరుగున వచ్చేసరికి పాట నాలుగో స్థలం దాకా వచ్చేసింది. గబగబా చేతులు కడుక్కుంది, కానీ అది నీళ్లకు పోయే నలుపు కాదు. పెట్టె తెరిచి తువ్వాలు తీసి పరిచింది. పరిచాక చూసుకుంది. తెల్లగుడ్డ మీద రెండు వైపులా అయిదు వేళ్లూ అచ్చుపడ్డాయి.

దాన్ని తీసేయడానికి వ్యవధి లేదు. జనం మా వాకిట్లోకి వచ్చేశారు. నాయనమ్మ మొహం పాలిపోయింది. గోడకు ఆనుకుని, చేతులు కొంగులో చుట్టుకుని నిలబడింది. ఉపదేశి తాత పుస్తకం తెరిచి, పీట వైపు చూశారు. చదవడం మొదలుపెట్టలేదు. చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయారు. వెనక ఉన్నవాళ్లు ఏమైందోనని తొంగిచూశారు, చూసినవాళ్లు చూసినట్టే మోకరించారు. తాత ఆ రోజు ఆరవ స్థలం ధ్యానం చదవలేదు. ఆయన కూడా మోకరించి, నేరుగా పరలోక జపం అందుకున్నారు. జపం అయ్యాక లేచి ఏడో స్థలానికి వెళ్లిపోయారు.

ఆ తువ్వాలును నాయనమ్మ ఎన్నిసార్లు ఉతికినా వేళ్ల గుర్తులు లేత గోధుమ రంగులో ఉండిపోయాయి. కొత్తది కొంటానని నాన్న అంటే అమ్మ వద్దంది. తర్వాత ఏళ్లలో కూడా అదే పరిచాం.

ఆ సాయంత్రమే తూర్పు వీధి మలుపు దగ్గర నా స్నేహితురాలి తల్లి కడవతో నీళ్లు తెచ్చి, నడిచి వస్తున్న మా వాళ్లకు పోసింది. వాళ్లకు సిలువ మార్గం లేదు. నడిచే వాళ్లకు దాహమేస్తుందని మాత్రం తెలుసు.

పవిత్ర వారం ఎప్పుడూ పరుగులాంటిదే. మట్టల ఆదివారం మగపిల్లలు ఈతాకు కోసుకొచ్చేవారు. గురువారం ఫాదర్ గారు పన్నెండు మంది పాదాలు కడిగారు. అందులో నాన్న ఒకడు. పగుళ్లు పడిన ఆ కాళ్లను ముందుకు చాపలేక ఆయన పడిన ఇబ్బంది ఇప్పటికీ కళ్ల ముందుంది. ఆ రాత్రి మహిమగీతం పాడుతున్నప్పుడు మోగిన గుడిగంట మళ్లీ శనివారం రాత్రి దాకా మోగదు. దాని బదులు చెక్క గిలక తిప్పుతారు, గరగరమని, వింటే ఒళ్లు జలదరించేది. గుడిగంట గురువారం మూగపోతే మా ఇంట్లో అడకత్తెర అప్పటికి నలభై నాలుగు రోజులుగా మూగబోయి ఉంది.

యేసు సిలువ మరణాన్ని తలచుకునే పవిత్ర శుక్రవారం మూడింటికి సిలువ ఆరాధన. చెప్పులు విప్పి, ఒక్కొక్కరే వెళ్లి సిలువ పాదాలు ముద్దు పెట్టుకున్నాం. కానుకల వేళకు నాయనమ్మ కొంగు ముడి విప్పింది. ఆకు, వక్క, పొగాకు మీద పెట్టే ఖర్చు రోజుకు పావలా చొప్పున, విభూది బుధవారం నుంచి ఆ రోజు దాకా నలభై అయిదు రోజులకు, ఆదివారాలతో కలిపి, పదకొండు రూపాయల పావలా. అన్నీ చిల్లర నాణేలే. పళ్లెంలో పోస్తుంటే గుడంతా వినిపించింది. పవిత్ర శుక్రవారం కానుక పుణ్యభూమికి పంపుతారని, యెరూషలేములో యేసు నడిచిన చోట్ల ఉన్న గుళ్లకూ, అక్కడి బీదసాదలకూ ఖర్చు పెడతారని ఉపదేశి తాత చెప్పారు. ఇంటికి వచ్చేటప్పుడు నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని నడుస్తూ, "అంత దూరం పోతాయా పాపా నా పావలాలు?" అని రెండు సార్లు అడిగింది. పోతాయన్నాను. ఆ రాత్రి అందరికీ గుడి దగ్గర ఉప్పు వేసిన గంజి పోశారు. దాని రుచి ఎంత బాగుండేదంటే, బెల్లం సంగతి కూడా మరిచిపోయాను.

శనివారం రాత్రి పాస్కా జాగరణ. దీపాలన్నీ ఆర్పేసి గుడి బయట కొత్త నిప్పు రాజేశారు. ఆ నిప్పుతో పెద్ద కొవ్వొత్తి వెలిగించి, దాని నుంచి మా చేతుల్లోని చిన్న కొవ్వొత్తులు ఒకదాని నుంచి ఒకటి వెలిగించుకుంటూ చీకటి గుడిలోకి వెళ్లాం. పాస్కా పండుగ పున్నమి దాటాక వచ్చే ఆదివారమే కాబట్టి ఆ రాత్రి ఏదో ఒక వేళకు చంద్రుడు పైకి వస్తాడు. పూజ మధ్యలో మహిమగీతం ఎత్తుకోగానే రెండు రోజులుగా మూగబోయిన గంటను మగపిల్లలు తాడు తెగిపోతుందేమో అన్నట్టు లాగారు. అమ్మ ఏడ్చింది. నాయనమ్మ ఏడవలేదు. కొవ్వొత్తి మైనం ఆమె నల్లటి వేళ్ల మీద కారుతుంటే దులుపుకోకుండా అలాగే పాడుతూ నిలబడింది.

ఇంటికి వచ్చేసరికి రెండు దాటింది. నాయనమ్మ నిద్రపోలేదు. అరుగు మీద కూర్చుని తూర్పు వైపు చూస్తూ ఉంది. "ఇప్పుడు పండుగే కదా, వేసుకోరాదూ" అని నాన్న అన్నాడు. "తెల్లవారనీ" అంది. తెల్లవారింది. లోపలికి వచ్చి మేకు మీది సంచి దించింది. నాన్న ముందు రోజే కందుకూరులో తమలపాకులు కొని, తడిగుడ్డలో చుట్టి ఉంచాడు. ఒక ఆకు తీసి, తొడిమ గిల్లి, ఈనెలు గీరి, సున్నం రాసింది. అడకత్తెర నలభై రోజులుగా కదలక బిగుసుకుపోయింది. దాన్ని నా చేతికిచ్చి, "ఒక్క చుక్క నూనె వెయ్యి పాపా" అంది. వేసి ఇచ్చాను. వక్క మధ్యలో పెట్టి నొక్కింది. టక్కుమంది.

ఆ చప్పుడు విని వంటింట్లో అమ్మ కోడికూర పొయ్యి మీదికి ఎక్కించింది.